రాసిపెట్టిన చప్పట్లు

తొమ్మిదో భాగం

కిందటి వారం అక్కయ్యను అధినేత గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఆ బెంచీ ఎత్తు, ఆవిడ పొట్టి. పాపం, కాళ్లు నేలకు ఆనడం లేదు. ఒళ్లో అట్ట ఫైలు, అందులో షార్ట్‌హ్యాండ్ పుస్తకం. నిన్న సభలో నీళ్ల మంత్రి మాట్లాడుతుంటే సభ్యులు మూడుసార్లు బల్లలు చరిచారు. ఆ మూడింటినీ ఆవిడ రికార్డుకెక్కించి, పేజీల కింద సంతకం పెట్టి పొద్దున్నే ప్రెస్సుకు పంపింది. గంట తిరక్కుండా అధినేత దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. ఈ రెండింటికీ లంకె ఉందని తెలుసుకోవడానికి జాతకాలు చూడక్కర్లేదు.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. అక్కయ్య రిపోర్టరే గానీ పత్రిక రిపోర్టరు కాదు. స్పీకరు కుర్చీ కింద, గోతిలాంటి చోట ఒక బల్ల ఉంటుంది. ఆ బల్ల దగ్గర పది నిమిషాలకొకరు వంతులు మారుతూ, సభలో ఎవరేమన్నా అన్నది అన్నట్టు రాసుకునే విభాగానికి ఆవిడ పెద్ద. మాటలే కాదు, నవ్వితే బ్రాకెట్లో (నవ్వులు) అని, అరుచుకుంటే (అంతరాయం) అని, బల్లలు చరిస్తే (హర్షధ్వానాలు) అని రాయాలి. బయట మనం చప్పట్లనే దాన్నే అక్కడ హర్షధ్వానాలంటారు. పెద్దల ఇంటికి వెళ్లేటప్పుడు మాట కూడా ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి కాబోలు. మాట్లాడిన ప్రతి సభ్యుడికీ తన ప్రసంగం నకలు మర్నాడు పొద్దున్నే ఇంటికి చేరుతుంది. మధ్యాహ్నం రెండింటికి అచ్చు ప్రతులు సభలో బల్లల మీదకు వస్తాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కయ్య నడుపుతున్న బండి ఇది. ఇంకో మూడు నెలల్లో దిగిపోతుంది.

"లోకంలో వాళ్ల మాటలన్నీ రాసుకుంటావు, నా మాట ఒక్కటి వినవు" అని భర్త దెప్పుతుంటాడు. ఈ పొద్దున కూడా తిని వెళ్లమన్నాడు. ఆవిడ వినలేదు.

తలుపు తెరుచుకుంది. అధినేత కార్యదర్శి తల బయటపెట్టాడు. ఈయన్ని ఆఫీసంతా 'తథాస్తు' అంటుంది. అధినేత నోట్లోంచి ఏం వచ్చినా ఈయన నోట్లోంచి ఆ మాటే వస్తుంది మరి. "రండమ్మా" అని ఆవిణ్ని లోపలికి పంపి తను బయటే ఆగిపోయాడు.

పెద్ద గది. నాలుగు ఫోన్లున్న బల్ల. పెన్నుల డబ్బాలో పెన్నుల మధ్య ఒక చిన్న స్క్రూడ్రైవరు, కర్ర పిడి అరిగిపోయినది. రాజకీయాల్లోకి రాకముందు అధినేత కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆ సంగతి సభల్లో గొప్పగా చెప్పుకుంటాడు గానీ, ఇంకెవరైనా చెబితే మొహం మాడ్చుకుంటాడు. గోడ మీద అద్దాల ఫ్రేములో ఒకే ఒక కాగితం ఉంది. ఇరవై రెండేళ్ల కిందటి రికార్డు పేజీ. ఆయన మొట్టమొదటి ప్రసంగం, చివర బ్రాకెట్లో (హర్షధ్వానాలు).

ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"నిన్న మూడుసార్లట" అన్నాడు తిరగకుండానే.

"అవును సార్."

"నాకెన్ని?"

"మీరు నిన్న ప్రశ్నలకు జవాబులే చెప్పారు కదా సార్. జవాబులకు ఎవరూ బల్లలు చరచరు."

"సున్నా అని చెప్పొచ్చుగా అక్కా. చదువుకున్నవాళ్లు సున్నాను కూడా ఎంత గుండ్రంగా తిప్పి చెప్తారో!"

వచ్చి కూర్చున్నాడు. సొరుగులోంచి చిన్న పుస్తకం తీశాడు. అందులో నిలువు గీతలు గీసి ఉన్నాయి, చాకలిపద్దులా. "ఈ సమావేశాలు మొదలైనప్పట్నుంచి ఆయనకు పదకొండు. నాకు నాలుగు. ఆ నాలుగులో రెండు మా వియ్యంకుడు ఒక్కడే చరిచినవి. ఆయన నిద్ర లేచినప్పుడల్లా అలవాటుగా చరుస్తాడు."

అక్కయ్యకు నవ్వు రావాల్సిన మాటే. కానీ రాలేదు. ఒక రాజ్యాన్ని ఏలుతున్న మనిషి సొరుగులో దాచుకున్న గీతలు చూస్తే ఆవిడకు గుండె కలుక్కుమంది.

"ఆ మూడూ తీయించండి. ప్రెస్సుకు మీరొక్క ఫోన్ చేస్తే చాలు."

"అలా తీయకూడదు సార్."

"మాటలు మార్చమనడం లేదుగా. చప్పుడు తీసేయమంటున్నా. అంతే."

"సభలో రెండొందల మంది చెవులారా విన్నారు. కాగితం మీద కొట్టేస్తే చెవుల్లోంచి పోతుందా? అయినా నూట ముప్పై మంది మీవాళ్లే. నీళ్ల మంత్రీ మీవాడే. మిమ్మల్ని ఎవరు కదుపుతున్నారు?"

"కదిపేవాళ్లు చెప్పి కదుపుతారా?"

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఆ భూతానికి మంత్రం లేదు. అయినా అక్కయ్య తనకు తెలిసిన మంత్రం వేసింది. ఫైలు తెరిచి, నిన్నటి షార్ట్‌హ్యాండ్ గీతల్లో ఒకచోట వేలు పెట్టి చదివింది. "మూడోసారి ఎక్కడ చరిచారో వినండి. 'ఈ కాలవ చివరి పొలం దాకా పారాలని మా వెంటపడి, పారిందాకా మమ్మల్ని కుదురుగా కూర్చోనివ్వని మనిషి మన అధినేత.' ఇదీ ఆయనన్నది. దీనికే సభంతా లేచి చరిచింది. ఇవి మీ చప్పట్లు సార్. మీవి మీరే కొట్టేయమంటున్నారు."

ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లోనే ఏదో తిప్పుతున్నాడు, లేని స్క్రూ బిగిస్తున్నట్టు. మనసు బాగోలేనప్పుడు ఆయనకు అది అలవాటని అక్కయ్యకు తెలుసు. మాట దారిన పడిందనుకుంది.

"అంటే నా పేరు కూడా ఆయన నోట్లోంచి వస్తేనే జనానికి ఇంపుగా ఉంటుందన్నమాట" అన్నాడు చివరికి.

ఇక 'సార్' అనడం ఆవిడ వల్ల కాలేదు.

"తమ్ముడూ, నీకిది తగదు. నీకేం తక్కువ? అదిగో ఆ గోడ మీద చూడు. మొదటి రోజే సభ నిన్ను మెచ్చుకుంది. అప్పుడు నీ వెనక ఎవరున్నారు? పదవి ఉందా, పార్టీ ఉందా?"

ఆయన గోడ వైపు చూడలేదు. ఆవిణ్నే చూశాడు.

"ఆ రోజు ఎవరూ కొట్టలేదు కదక్కా."

అక్కయ్య చూపు ఆ ఫ్రేము మీంచి జారి ఒళ్లో ఫైలు మీద పడింది.

"నేనక్కడే ఉన్నాను. నాకు చెవుడు లేదు. నాలుగు నిమిషాలు మాట్లాడాను. ఆసుపత్రిలో మంచాలు చాలడం లేదని. చేతిలో కాగితం వణుకుతోంది. వెనకెవరో కిసుక్కుమన్నారు. నేను కూర్చున్నాక ఒక్క చెయ్యి కూడా కదల్లేదు. తర్వాతి సభ్యుడు లేచి గొంతు సవరించుకునే దాకా ఉన్న ఆ ఖాళీ నాకింకా గుర్తుంది. మర్నాడు నువ్వు పంపిన కాగితంలో హర్షధ్వానాలని ఉంది. మొదట తప్పు పడిందనుకున్నా. సంతకం చూశాను. నీది. అప్పుడర్థమైంది, నన్ను చూసి జాలిపడ్డావని."

"నేను..." అంది అక్కయ్య. నిజమే. అప్పుడు ఆయన కొత్త సభ్యుడు, ఆ సాయంత్రం సభ మెట్ల దగ్గర నిలబడి, 'అక్కా, నా మాటలు మరీ అసహ్యంగా వచ్చాయా?' అని అడిగాడు. ఆ మొహం చూసి ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో రాసిన ఒకే ఒక్క అబద్ధం. ఎవరికీ చెడు చెయ్యని అబద్ధం అనుకుంది. తలుచుకున్నప్పుడల్లా లోలోపల కొంచెం సంతోషించింది కూడా.

"మరి తెలిసీ ఎందుకు కట్టించుకున్నావు ఫ్రేము?"

"ఏం చేయను? చించెయ్యడానికి మనసొప్పలేదు. అదొక్కటే ఉంది నా దగ్గర." ఆయన సొరుగు మూశాడు. "అప్పట్నుంచీ ఇదే రోగమక్కా. ఎవరు చప్పట్లు కొట్టినా నువ్వు రాసినట్టే జాలిపడి కొడుతున్నారేమో అనిపిస్తుంది. లక్ష మంది కొట్టినా సరే. ఇంటికెళ్లాక చెవుల్లో ఆ ఖాళీయే మోగుతుంది. అంతా చప్పుడుకే రాస్తారు. ఎవరూ కొట్టకపోతే రాయడానికి మీ పుస్తకంలో బ్రాకెట్టే లేదా?"

"లేదు. నిశ్శబ్దాన్ని రాయం."

"రాసుంటే బాగుండేది. ఇంకాస్త బాగా మాట్లాడ్డం నేర్చుకునేవాణ్ని."

అక్కయ్య కళ్లు తుడుచుకుంది. దయ అనుకుని తను వేసిన మందు ఇన్నేళ్లుగా లోపల విషమై కూర్చుందని తెలిస్తే ఏ అక్కకైనా ఏడుపు రాదా? అయినా ఆవిడ ఉద్యోగం ఆవిణ్ని వదల్లేదు. ఏడుస్తూనే ఒక ఎత్తు వేసింది. మనిషి చేత రాయిస్తే జంకుతాడు, జంకితే ఆగుతాడు అని.

"నోటిమాట మీద రికార్డులో ఒక్క చుక్క కూడా మారదు. కావాలంటే రాసివ్వు. సంతకంతో."

ఎంత పొరపాటు! రాయడమంటే భయపడే మనిషైతే అంత దూరం వచ్చేవాడే కాదు. పైగా 'రాయగలవా?' అన్నట్టు వినిపించింది కాబోలు ఆయనకు. టక్కున కాగితం లాగి మూడు లైన్లు రాశాడు. నిన్నటి నీటి పద్దు ప్రసంగంలోంచి హర్షధ్వానాలు తొలగించాలి. కింద బారెడు సంతకం.

"ఇది నేను స్పీకరుగారికి చూపించాలి" అంది అక్కయ్య.

"చూపించుకో. నా మాట కాదనే స్పీకరెవరు?" అన్నాడు. మళ్లీ వేళ్ల మధ్య లేని స్క్రూ తిరగడం మొదలైంది.

అక్కయ్య తిన్నగా స్పీకరు గదికి వెళ్లింది. ఆయన విదేశీ అతిథులతో ఉన్నాడు, సభ గంట మోగేదాకా బయటికి రారన్నారు. సరే, తను ఫోన్ చేస్తేనే కదా ప్రెస్సులో మారేది, చెయ్యకపోతే పోయె, అనుకుని తన విభాగానికి వచ్చేసింది. పాత బీరువా తాళం తీసింది. ఇరవై రెండేళ్ల కిందటి షార్ట్‌హ్యాండ్ పుస్తకం అట్ట అంచులు చెదపురుగులు కొరికాయి గానీ గీతలు చెక్కుచెదరలేదు. ఆసుపత్రి మంచాల ప్రసంగం అయిపోయిన చోట ఒక అడ్డగీత. దాని కింద తర్వాతి సభ్యుడి మొదటి మాట. మధ్యలో ఏమీ లేదు. బ్రాకెట్టు అచ్చు ప్రతిలో మాత్రమే పుట్టింది.

ఆవిడ పక్క బల్ల దగ్గర కూర్చునే పాత సహోద్యోగి, విభాగమంతా 'గొణుగుడాయన' అని పిలిచే మనిషి, కళ్లజోడు మీంచి చూశాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని గొణిగాడు. ఎవరి గురించో చెప్పలేదు. ఆయన దేని గురించైనా అదే అంటాడు. కానీ ఈసారి అక్కయ్యకు సూటిగా తగిలింది. ఆ పాత పుస్తకాన్ని ఎందుకో తెలియకుండానే ఫైల్లో పెట్టుకుంది.

రెండు గంటలకు సభ మొదలైంది. అక్కయ్య గోతిలో తన బల్ల దగ్గర కూర్చుని అచ్చు ప్రతి తిరగేసింది. కళ్లు నమ్మలేదు. మళ్లీ చూసింది. నీళ్ల మంత్రి ప్రసంగం ఎక్కడా ఆగకుండా కాలవ నీళ్లలా సాగిపోయింది. ఒక్క బ్రాకెట్టు లేదు. కింద మాత్రం ఆవిడ పేరు, సరిచూసినట్టు సంతకం.

ఏం జరిగిందో ఊహించడానికి ఎక్కువసేపు పట్టలేదు. తలుపు బయట తథాస్తు! చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం. 'ఒక్క ఫోన్ చేస్తే చాలు' అని అధినేత అనడం చెవిన పడి, ఈయనే ఆవిడ పేరు చెప్పి ప్రెస్సుకు ఫోన్ చేసేసి ఉంటాడు.

అప్పటికే నీళ్ల మంత్రి మోకాళ్లు పట్టుకుని లేస్తున్నాడు. బొద్దుమనిషి, గట్టిగా మాట్లాడ్డం కూడా రానివాడు. రెండు చేతుల్లో రెండు కాగితాలు.

"అధ్యక్షా, పొద్దున మా ఇంటికొచ్చిన కాగితం ఇది. ఇప్పుడు బల్ల మీద పెట్టిన కాగితం ఇది. నా మాటలు అలాగే ఉన్నాయి. మీరంతా బల్లలు చరిచిన చోట్లు మాత్రం మాయమైపోయాయి. నాకేం బాధ లేదు. ఇంట్లో మా ఆవిడ ఎలాగూ కొట్టదు, నాకు అలవాటు లేనివే."

సభ నవ్వింది. గొణుగుడాయన (నవ్వులు) అని రాసుకున్నాడు. ఆ పది నిమిషాలూ ఆయన వంతు.

"కానీ అధ్యక్షా, ఉన్నవి తీసేసిన చెయ్యి రేపు లేనివి పెట్టదని ఏంటి నమ్మకం? ఏ చట్టానికి ఎన్ని ఓట్లు పడ్డాయో రాసేది కూడా ఈ కాగితాల్లోనే కదా. ఇవి చూసే కదా కోర్టులు తీర్పులు చెప్పేది. నేనెవర్నీ అనడం లేదు. తీసింది ఎవరో తెలిస్తే చాలు."

నవ్వులు ఆగిపోయాయి. అవతలి పక్షంలో కునుకు తీస్తున్నవాళ్లు కూడా నిటారుగా కూర్చున్నారు. అప్పుడైనా అధినేత ఊరుకుని ఉంటే, 'విచారిద్దాం' అని ఒక్క ముక్క అని ఉంటే, ఆ గాలివాన అక్కడే తేలిపోయేది. ఊరుకోగలిగితే ఆయన ఆయన ఎందుకవుతాడు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు దిగ్గున లేచాడు.

"నన్నేనా అనేది? నీ చప్పట్లు చూసి నేను కుళ్లుకుంటున్నాననా?"

ఎవరూ ఆ మాట అనలేదు. ఎవరికీ ఆ ఆలోచన కూడా రాలేదు. ఆయన అన్నాకే అందరికీ వచ్చింది. ఆయన వెనక వరసల్లో నూట ముప్పై మంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వియ్యంకుడుగారు మెలకువగానే ఉండి పైకప్పు వైపు చూస్తున్నాడు.

అధినేతకు తను ఏమన్నాడో అప్పుడు తెలిసింది. మొహం పాలిపోయింది. తడబడుతూ అచ్చు ప్రతి పైకెత్తాడు. "ఇది... ఇది రిపోర్టర్ల పొరపాటు. కింద సంతకం ఎవరిదో వాళ్లనే అడగండి."

గోతి వైపు చూడకుండా అన్నాడు ఆ మాట.

అక్కయ్యకు కోపం రావాలి. రాలేదు. అప్పటి అబద్ధానికి దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది, అంతే. ఒళ్లో ఫైలు ఉంది. అందులో మూడు లైన్ల కాగితం తీసి పైకి పంపితే ఆవిడ సంతకం మీద మచ్చ పోతుంది, మూడు నెలల తర్వాత దండతో ఇంటికెళ్తుంది. అధినేత మాత్రం ఈ సాయంత్రానికి అధినేత కాడు. ఆ కాగితం కిందే, అంచులు కొరుక్కుపోయిన పాత పుస్తకం ఉంది. అది కూడా బయటికొస్తే మునిగేది ఒక్కడు కాదు.

స్పీకరు ముందుకు వంగాడు. "అసాధారణమే అయినా అడగక తప్పడం లేదు. విభాగాధిపతిగారూ, ఈ సంతకం మీదేనా? రికార్డు ఎవరు మార్చమన్నారు?"

సభలో రిపోర్టరు నోరు విప్పకూడదు. తుమ్ము వచ్చినా ఆపుకోవాలని కొత్తవాళ్లకు ఆవిడే చెబుతుంటుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ గోతిలోంచి లేచి నిలబడింది లేదు. ఇప్పుడు లేచింది. పక్కన గొణుగుడాయన కలం ఆవిడ మాట కోసం కాగితం మీద ఆగింది.

ఆవిడ పైకి చూసింది. అధినేత ఇప్పుడు ఆవిణ్నే చూస్తున్నాడు. చేతిలో అచ్చు ప్రతి వణుకుతోంది. ఇరవై రెండేళ్ల కిందట మెట్ల దగ్గర నిలబడి అడిగినప్పటి మొహం. ఆ మొహం చూసే ఆ రోజు తప్పు రాసింది. మళ్లీ రాయబుద్ధయింది ఒక్క క్షణం. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చి ఫైలు తెరిచింది.

"సంతకం నాదే అధ్యక్షా. రికార్డు మారింది నిజమే. ఎక్కణ్నుంచి చెప్పమంటారు? ఈ పొద్దున్నించా, ఇరవై రెండేళ్ల కిందటి నుంచా?"

పాత పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. అధినేత కుర్చీలో కూలబడ్డాడు. రెండొందల మందిలో ఒక్కరు దగ్గలేదు, ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. గొణుగుడాయన ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఏ నియమాల పుస్తకంలోనూ లేని బ్రాకెట్టు ఒకటి గీసి, అందులో ఉన్నది ఉన్నట్టు రాశాడు.

(నిశ్శబ్దం)